తుపాను చూడబోయేవాళ్లకు టోకెన్ ఎందుకు వద్దు?

మా రోజుల్లో మగ్దల్లా రేవులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారని తెలిస్తే సూరత్‌లో ఎవరూ సముద్రం దిక్కు పోయేవారు కాదు. మరమగ్గాల షెడ్లలో, అంటే మా సాంచాల ఖాతాల్లో, సేఠ్‌లు కిటికీలు మూయించేవారు. చాళ్లలో ఆడవాళ్లు రేకుల మీద రాళ్లు పెట్టించేవారు. డుమస్ తీరం నుంచి చేపలు తెచ్చి అమ్మే ఆవిడ రెండు మూడు రోజులు మా గల్లీలో కనబడేది కాదు. ఇప్పుడు అదే కబురు ఫోనులో మోగగానే లింబాయత్, ఉధ్నా, పర్వత్ పాటియా గల్లీల్లో పిల్లలు బండ్లు బయటికి తీస్తున్నారు. ఎక్కడికిరా అని అడిగితే "డుమస్ పోతున్నం తాతా, అలలు మస్తు లేస్తున్నయంట" అంటారు. ఒకడి చేతిలో ఫోను, ఇంకొకడి దగ్గర దాన్ని పట్టే కర్ర, డబ్బున్నవాడి సంచిలో డ్రోను. వీళ్లలో ఎవడికీ ఈత రాదు. సాంచాల మధ్య పుట్టి పెరిగిన పిల్లలకు ఈత ఎవరు నేర్పారు?

అమెరికాలో ఇలా గాలివాన వెంట పడేవాళ్లను స్టార్మ్ ఛేజర్లు అంటారు. వాళ్లకు లైసెన్సు పెట్టాలా వద్దా అని అక్కడ ఏళ్లుగా వాదన నడుస్తోంది. ఆ వాదన మన దగ్గర ఇంకా మొదలే కాలేదు. మొదలవ్వాలని ఈ వయసులో కూర్చుని రాస్తున్నాను.

మాది సముద్రం లేని జిల్లా. సిరిసిల్లలో పుట్టి, మగ్గం గుంట వదిలి, బతుకుదెరువుకు సూరత్ వచ్చి సాంచాల మీద పడినవాళ్లం. వచ్చిన కొత్తలో తుపాను అనే మాట రేడియోలో వినడమే. పొద్దున ఏడింటికి ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తల కోసం ఖాతాలో ఉన్న తెలుగువాళ్లమంతా ఒక్క ట్రాన్సిస్టర్ చుట్టూ చేరేవాళ్లం. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన సంగతి అలాగే తెలిసింది. మొదటి రోజు చెప్పిన లెక్క వేరు, వారం గడిచాక చెప్పిన లెక్క వేరు. చివరికి పది వేలమందికి పైగా పోయారని తేలింది. మా ఖాతాలో కోస్తావాళ్లు తక్కువే. అయినా ఆ వారమంతా ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆ తర్వాత రేడియోలో "వాయుగుండం" అని వినబడితే చాలు, చేతిలో ఉన్న కాండె కింద పెట్టి వినేవాళ్లం. తుపాను అంటే చచ్చిపోయిన మనుషులు అనే మాకు తెలుసు. అది చూడదగ్గ వింత అని ఎవరికీ తోచలేదు.

తాపీ నది దగ్గర చూసేవాళ్లు లేరని కాదు. ఉండేవారు. హోప్ పుల్ వంతెన దగ్గర నీటిమట్టం ఎంతుందో రోజూ వెళ్లి చూసి వచ్చే పెద్దమనుషులు నాన్‌పురా, చౌక్ బజార్ దిక్కు ప్రతి వీధిలో ఉండేవారు. 1968 ఆగస్టు వరదను కళ్లారా చూసినవాళ్లు వాళ్లు. అప్పటికి ఉకై ఆనకట్ట లేదు, అది పూర్తయింది 1972లో. ప్రమాద మట్టం 9.5 మీటర్లని వాళ్లకు నోటికి వచ్చు. నీళ్లు దానికి ఎంత దూరంలో ఉన్నాయో చూసి, తిరిగొచ్చి, కింది అంతస్తు గుడ్డ పైకి ఎత్తించమని దుకాణాలవాళ్లకు చెప్పేవారు. చూసింది పదిమందికి పనికొచ్చేది. ఇప్పటివాళ్లు కూడా చూస్తున్నారు కదా, తేడా ఏమిటని మా మనవడి స్నేహితుడు నన్ను అడిగాడు. తేడా ఇదే. ఆ పెద్దమనిషి చూసింది గల్లీకి కబురై చేరేది. నువ్వు చూసింది నీ ఛానల్‌కు వ్యూల లెక్కై చేరుతోంది.

2006 ఆగస్టు సంగతి చెప్పకుండా సూరత్‌లో నీళ్ల గురించి మాట్లాడకూడదు. ఉకైలోకి ఎగువ నుంచి నీళ్లు ముంచుకొచ్చాయి. దాదాపు 9 లక్షల క్యూసెక్కులు కిందికి వదిలారు. ఆనకట్ట నగరానికి సుమారు 100 కిలోమీటర్ల ఎగువన ఉంది. ఆ నీళ్లు వచ్చేసరికి సముద్రం పోటు మీద ఉంటే నది దిగదు, వెనక్కి తంతుంది. రాందేర్, అడాజన్, అఠ్వా మునిగాయి, నగరంలో ఎక్కువ భాగం నీళ్ల కింద ఉంది. మూడు రోజులు కరెంటు లేదు, తాగునీళ్లు లేవు. అప్పుడు కూడా కొందరి చేతుల్లో కెమెరాలున్నాయి. వాళ్లు తమ మేడల మీద నుంచి తమ వీధినే తీశారు. మునిగింది తమ ఇల్లు, తీసింది తమ బాధ. ఆ ఫొటోల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఎందుకో కిందికి వచ్చాక చెబుతాను.

ఇప్పటి కథ 2017 నుంచి మొదలైంది. ఆ డిసెంబరులో ఒఖీ తుపాను సూరత్ దగ్గర తీరం దాటుతుందన్నారు. ఎన్నికల రోజులు. పెద్ద నాయకుల సభలు కూడా రద్దయ్యాయి. తుపాను మాత్రం తీరం చేరకముందే సముద్రంలోనే నీరసించిపోయింది. దేవుడి దయ అని మేం దండం పెట్టుకున్నాం. కుర్రాళ్లు మాత్రం ఏమీ రాలేదని చిన్నబుచ్చుకున్నారు. ఆ చిన్నబుచ్చుకోవడం నాకు భయం పుట్టించింది. 2019లో వాయు తుపాను దగ్గరిదాకా వచ్చి దారి మళ్లింది. 2021 మే 17న తౌక్తే దీవ్, ఊనా మధ్య తీరం దాటి సౌరాష్ట్రను నేలమట్టం చేసింది. ముంబై దగ్గర సముద్రంలో పీ-305 బార్జ్ మునిగి పదుల సంఖ్యలో కూలీలు పోయారు. ఇక్కడ సూరత్‌లో చెట్లు కూలాయి, రేకులు లేచాయి. కూలిన ప్రతి చెట్టు దగ్గరా, దాన్ని నరికి దారి తీసే ఫైర్‌బ్రిగేడ్ వాళ్లకంటే చుట్టూ నిలబడి వీడియో తీసేవాళ్లే ఎక్కువ.

2023 జూన్‌లో బిపర్‌జాయ్ తుపాను అరేబియా సముద్రంలో రోజుల తరబడి తిరిగింది. కచ్‌లోని జఖౌ దగ్గర తీరం దాటింది 15వ తేదీన. అంతకు ముందే ఇక్కడ డుమస్, సువాలీ తీరాలు మూసేశారు. పోలీసులు రోడ్డు మీద అడ్డంగా నిలబడ్డారు. మరి మావాళ్లు ఏం చేశారు? చేపలవాళ్ల వాడల సందుల్లోంచి, తుమ్మ చెట్ల మధ్య దారుల్లోంచి వెళ్లారు. మూసేసిన తీరంలో తీసిన వీడియోకు చూసేవాళ్లు ఎక్కువట. అంటే నిషేధమే దాని ధర పెంచింది. అదే నెల 12వ తేదీన ముంబై జుహూలో నలుగురు పిల్లలు అలల్లో కొట్టుకుపోయారు. తుపాను కన్ను వాళ్లకు వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. తుపాను ఎక్కడో ఉందని, మనకేమీ కాదని అనుకునేవాళ్లకు ఈ మాట వినిపించాలి. గాలి రాకముందే దాని అల వస్తుంది.

డుమస్ సముద్రం జుహూ కంటే మోసకారి. మనం ఖంభాత్ అఖాతం నోట్లో ఉన్నాం. ఆ అఖాతం లోపలికి పోయేకొద్దీ ఇరుకవుతుంది, పోటు ఎత్తు పెరుగుతుంది. భావ్‌నగర్ వైపు అది పది మీటర్లదాకా లేస్తుంది. ఆటు వేళ డుమస్‌లో నీళ్లు కనుచూపుమేర వెనక్కిపోతాయి. నల్ల ఇసుక, దాని కింద బురద. కుర్రాళ్లు ఆ బురదలో లోపలికి నడుస్తారు, ఫోటోలు తీసుకుంటారు. తిరిగొచ్చేటప్పుడు పోటు వాళ్లకంటే ముందే చుట్టుకొస్తుంది. ముందు నుంచి కాదు, పక్కన పల్లాల్లోంచి వస్తుంది. 2025 జులైలో ఒక ఖరీదైన కారు ఆ ఇసుకలో కూరుకుపోయిన వీడియో దేశమంతా చూసింది. వాహనాలు తీసుకుపోకూడదని నిషేధం ఉన్న చోటు అది. తుపాను లేని రోజు సంగతి ఇది. తుపాను రోజు ఆ కారు బదులు మనిషి కూరుకుపోతే తీయడానికి ఎవరు పోవాలి? ఫైర్‌బ్రిగేడ్ పిల్లలు, హోంగార్డులు, డుమస్ ఊరి చేపలవాళ్లు. వాళ్లకూ తల్లులున్నారు.

ఆ చేపలవాళ్ల దగ్గరే నా వాదన మొదలవుతుంది. డుమస్‌లోనో హజీరాలోనో పుట్టిన మనిషి. నడక కంటే ముందు పడవ ఎక్కినవాడు. గాలి ఏ మూల నుంచి తిరిగిందో ముక్కుతో పసిగట్టగలవాడు. వాడు వేటకు పోవాలంటే పడవకు రిజిస్ట్రేషన్ కావాలి, లైసెన్సు కావాలి, చేతిలో గుర్తింపు కార్డు కావాలి, పోయే ప్రతిసారీ టోకెన్ తీసుకోవాలి. వానాకాలంలో వేటే నిషేధం. మిగతా నెలల్లో హెచ్చరిక ఎగిరితే టోకెన్ ఇవ్వరు, పోయినవాళ్లను వెనక్కి పిలిపిస్తారు. ఆ రోజుల కూలి ఎవరూ ఇవ్వరు. అయినా వాళ్లు ఒడ్డునే కూర్చుంటారు. అదే ఒడ్డు మీద, అదే పూట, సముద్రం ఎరగని కుర్రాడు ఏ చీటీ లేకుండా మోకాలి లోతు దిగి లైవ్ పెడతాడు. పొట్టకూటికి పోయేవాడికి ఇన్ని కట్టుబాట్లు పెట్టిన ప్రభుత్వం, తమాషాకు పోయేవాడిని లాఠీ చూపించి అదిలించడంతో సరిపెట్టుకుంటుందా? ఇది న్యాయం కాదు. ఈ ఒక్క మాట కోసమే నేను లైసెన్సు వైపు నిలబడ్డాను.

అమెరికా సంగతికి వస్తాను. అక్కడ ఈ వెంటపడటం కొత్తది కాదు. డేవిడ్ హోడ్లీ అనే ఆయన 1956 నుంచే తన బండిలో సుడిగాలుల వెంట తిరిగాడు, 1977లో దాని కోసం ఒక పత్రిక కూడా పెట్టాడు. తనకు తెలిసింది రాసి పంచాడు, ఆయన మీద నాకు గౌరవమే. టిమ్ సమారస్ అనే ఇంజనీరు సుడిగాలి దారిలో పరికరాలు పెట్టి లోపలి గాలి ఒత్తిడిని కొలిచేవాడు. 2013 మే 31న ఓక్లహోమాలో ఎల్ రీనో దగ్గర నాలుగు కిలోమీటర్లకు పైగా వెడల్పున్న సుడిగాలి ఆయన్నీ, ఆయన కొడుకునూ, తోటి పరిశోధకుణ్ణీ పొట్టన పెట్టుకుంది. ఆ సాయంత్రం ఆ రోడ్లన్నీ చూడవచ్చినవాళ్ల బండ్లతో నిండి ఉన్నాయి. 2017 మార్చిలో టెక్సస్‌లో ముగ్గురు ఛేజర్లు పోయారు. వాళ్లను చంపింది గాలి కాదు. కూడలిలో ఆగకుండా పోయిన బండి ఇంకో ఛేజర్ బండిని గుద్దింది. 2025లో ఓక్లహోమా శాసనసభలో ఛేజర్లకు లైసెన్సు ఇచ్చే బిల్లు కూడా పెట్టారు.

లైసెన్సు ఉంటే సమారస్ బతికేవాడా అని అక్కడివాళ్లు అడుగుతారు. బతికేవాడు కాదు. ఆయనంత తెలిసినవాడు ఇంకొకడు లేడు. కానీ లైసెన్సు ఉండేది ఆయన కోసం కాదు. ఆయన వెనక రోడ్డు నింపిన వందల బండ్ల కోసం. పని ఉన్నవాడికి దారి మిగలాలి. అంబులెన్సుకు దారి మిగలాలి. ఇల్లు వదిలి పారిపోయే కుటుంబానికి దారి మిగలాలి. మన డుమస్ రోడ్డు ఒక్కటే రోడ్డు. దాని పక్కనే విమానాశ్రయం. తుపాను పూట ఆ రోడ్డు మీద చూడవచ్చినవాళ్లు నిండితే ఊళ్లో గర్భిణిని ఆసుపత్రికి ఎలా తెస్తారు?

ఇక్కడ నా మాటను ఒప్పుకోని వాళ్లు సూరత్‌లోని మా తెలుగువాళ్ల సంఘంలోనే ఉన్నారు. వాళ్ల మాటల్లో బరువున్న మాటలు రెండు. మొదటిది, లైసెన్సు అంటే లంచం, ఆఫీసు చుట్టూ తిరగడం, పెద్ద ఛానళ్ల బండ్లకు సెల్యూట్, లింబాయత్ తెలుగు కుర్రాడికి దెబ్బలు. పరాయి రాష్ట్రంలో యాభై ఏళ్లు బతికినవాణ్ణి, ఆ భయం నాకు తెలియదా? అందుకే లైసెన్సుకు డబ్బు కట్టాల్సిన పని ఉండకూడదంటాను. దానికి బదులు నేర్చుకోవాల్సిన పని ఉండాలి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ఆపద మిత్ర అనే పథకం మొదలుపెట్టింది. మామూలు యువకులకు శిక్షణ ఇస్తారు. ఈత, తాడు ముడులు, ప్రథమ చికిత్స, మునిగినవాణ్ణి పైకి తీయడం నేర్పి కిట్టు ఇస్తారు. తుపాను దగ్గరికి పోవాలనే ఉబలాటం ఉన్నవాడు ముందు ఆ శిక్షణ పూర్తి చేయాలి. చేసినవాడికి కార్డు. కార్డు ఉన్నవాడు ఎప్పుడు లోపలికి పోయాడో, ఎప్పుడు బయటికి వచ్చాడో రాసి ఉండాలి, చేపలవాడి టోకెన్ లాగానే. తీసిన చిత్రాలు ముందు కలెక్టరు కంట్రోల్ రూముకు చేరాలి, తర్వాత ఛానల్‌కు. ఇది గల్లీ పిల్లలకు కూడా అందే దారి. పేరున్న ఛానల్ అయినా శిక్షణ లేకపోతే కార్డు ఇవ్వకూడదు.

రెండో మాట దీనికంటే బరువైనది. 2006 వరద దేవుడు చేసిందా, ఆనకట్ట నీళ్లు వదలడంలో మనుషులు చేసిందా అని సూరత్ ఏళ్ల తరబడి అడిగింది. విచారణ కమిషన్ కూడా వేశారు. రేపు ఇంకో వరద వస్తే, లైసెన్సు లేదని జనం నోళ్లు మూయిస్తే ఆ ప్రశ్న అడిగేవాడెవడు? ఈ మాట అన్న మా సంఘం కార్యదర్శికి నేను చేతులెత్తి దండం పెట్టాను. అందుకే పైన ఆ మేడ మీది ఫొటోల ప్రస్తావన. తన ఇంట్లోంచి, తన గల్లీలోంచి తీసేదానికి ఏ కార్డూ అక్కర్లేదు. 2025 జూన్‌లో ఖాడీలు, అంటే ఊళ్లోని వాగులు, పొంగి పర్వత్ పాటియా దిక్కు ఇళ్లల్లో నీళ్లు నిలిచాయి. ఆ నీళ్లలో నిలబడి కార్పొరేషన్‌ను నిలదీసిన ప్రతి వీడియో సబబే. కార్డు అడగాల్సింది మూసేసిన గీత దాటి లోపలికి పోయేవాణ్ణి మాత్రమే. ఆ గీత గీసే అధికారం 2005 విపత్తు నిర్వహణ చట్టం జిల్లా యంత్రాంగానికి ఇచ్చింది. ప్రమాదమున్న చోటికి ఎవరినీ రానీయకుండా ఆపవచ్చు. గుజరాత్‌కు అంతకంటే ముందే, 2003లోనే సొంత చట్టం ఉంది. కచ్ భూకంపం నేర్పిన పాఠంతో దేశంలోనే మొదటగా చేసుకున్న చట్టం. గీత గీసే చట్టం ఉంది, లోపలికి ఎవరు పోవచ్చో చెప్పే పద్ధతే లేదు. అందువల్ల ఎవరూ పోకూడదని కాగితం మీద ఉంటుంది, అందరూ పోతుంటారు.

వాతావరణం చెప్పేవాళ్ల సంగతి వేరు. దాన్ని దీనితో కలపకూడదు. మన తిరుపతి కుర్రాడు సాయి ప్రణీత్ బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఆంధ్ర రైతులకు వాన కబుర్లు చెబుతుంటే 2021లో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో పేరెత్తి మెచ్చుకున్నారు. అటువంటివాళ్లకు లైసెన్సు అడ్డం పెట్టడం తప్పు. వాళ్లు లెక్క చూసి చెబుతారు, ఒడ్డుకు పోరు. ఇక్కడ గుజరాతీ టీవీల్లో అంబాలాల్ పటేల్ ఏం చెప్పారా అని సాంచాల మీద కూడా చర్చ జరుగుతుంది. వినేవాళ్లు వింటారు. లేని తుపానును ఉందని చెప్పి జనాన్ని పరుగెత్తించేవాడికి మాత్రం అదే 2005 చట్టం 54వ సెక్షన్ ఏడాదిదాకా జైలు రాసిపెట్టింది. దాన్ని వాడాలి. పాత తుపాను వీడియోకు కొత్త పేరు పెట్టి వదిలేవాళ్లను ఆ సెక్షన్ కింద పట్టాలి. ఒక్క అబద్ధపు వీడియో వస్తే మా లింబాయత్‌లో సగం ఖాతాలు ఆగుతాయి. రోజు కూలి పోయేది సాంచ నడిపేవాడికే. 1998 జూన్ 9న కండ్లాలో తుపానుకు వెయ్యిమందికి పైగా పోయారు. ఉప్పు మడుల్లో, రేవులో పనిచేసే వలస కూలీలే ఎక్కువ. హెచ్చరిక కిందివాళ్లదాకా చేరలేదని అప్పుడు పత్రికలు రాశాయి. ఇప్పుడు హెచ్చరికలు చేరుతున్నాయి. బిపర్‌జాయ్‌కి లక్షమందిదాకా తరలించారు, తీరం దాటాక ప్రాణనష్టం దాదాపు లేకుండా బయటపడ్డాం. ఇంత కష్టపడి తెచ్చుకున్న నమ్మకాన్ని అబద్ధపు వీడియోల పాలు చేయకూడదు.

సూరత్‌కు ఒక చెడ్డ అనుభవం ఉంది. 2019 మే 24న సర్థాణాలో తక్షశిలా భవనం మంటల్లో 22 మంది పోయారు. పిల్లలు పై అంతస్తు నుంచి దూకుతున్న వీడియోలు దేశమంతా తిరిగాయి. ఆ తర్వాత ట్యూషన్ క్లాసులకు ఫైర్ అనుమతి తప్పనిసరి అని ఊరంతా తాళాలు పడ్డాయి. శవాలు లెక్కపెట్టాక చేసిన పని. డుమస్ విషయంలో కూడా అలాగే ఆగుదామా? జుహూలో పోయిన నలుగురు మన పిల్లలు కారు కాబట్టి మనకు పట్టలేదా?

డ్రోన్ల విషయంలో ప్రభుత్వం 2021లోనే నియమాలు చేసింది. రిజిస్ట్రేషన్ ఉంది, విమానాశ్రయం చుట్టుపక్కల అనుమతి లేకుండా ఎగరేయకూడదు. యంత్రానికి నియమం పెట్టగలిగినవాళ్లు దాన్ని పట్టుకుని అలల్లోకి దిగే మనిషికి ఎందుకు పెట్టలేరు?

నా కోరికలు మా సంఘం ముందు పెట్టాను. మొదటిది, జూన్ రాకముందే లింబాయత్, డిండోలీ తెలుగు కుర్రాళ్లలో ఇరవైమందిని ఆపద మిత్ర శిక్షణకు మనమే పంపాలి. బస్సు ఖర్చు, పోయిన రోజుల కూలి సంఘం పెట్టాలి. రెండోది, డుమస్, సువాలీ తీరాలకు కార్డు పద్ధతి పెట్టమని గుజరాతీలో అర్జీ రాసి కలెక్టరు కచేరీలో ఇవ్వాలి. అందులో చేపలవాళ్ల సంఘాల సంతకాలు మన సంతకాల కంటే పైన ఉండాలి. మూడోది, హెచ్చరిక ఉన్న రోజు తీరానికి పోయి వీడియో పెట్టిన మన పిల్లల ఛానల్‌ను సంఘం గ్రూపుల్లో ఎవరూ పంచకూడదు. మూడోదానికి కొందరు ఒప్పుకోలేదు. మొదటి రెండూ తీర్మానంలో రాశారు. అర్జీ ముసాయిదా రాసే పని నాకే ఇచ్చారు, గుజరాతీ దిద్దడానికి మునిసిపల్ స్కూలు పంతులమ్మ ఒప్పుకుంది.